పిన్ని వాటా

“ఏమే, ఫ్యాక్టర్ అంటే ఏంటే?” అని పిన్ని ఫోన్లో అడిగినప్పుడు ఏదో సినిమాలో డైలాగనుకున్నాను. పిన్ని ఇరవై ఎనిమిదేళ్లుగా డబ్బింగ్ చెబుతోంది. కాగితంలో అర్థం కాని మాటొస్తే నాకు ఫోన్ చెయ్యడం ఆమెకి అలవాటు. సాహిత్యంలో డాక్టరేట్ తెచ్చుకున్నందుకు మా బంధువుల్లో నాకు దక్కిన ఒకే ఒక్క ఉద్యోగం అది! “సినిమా కాదే, బ్యాంకులో చెప్పారు. సాయంత్రం ఓసారి రా” అంది. అది 2024 సెప్టెంబరు చివరి వారం.

పిన్ని ఉండేది కృష్ణానగర్లో. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండ మీదుంటే కృష్ణానగర్ ఆ దిగువన ఉంటుంది. స్టూడియోలు, ఫిల్మ్ ఛాంబర్, హీరోల ఇళ్లు పైన. జూనియర్ ఆర్టిస్టులు, కాస్ట్యూములు కుట్టేవాళ్లు, మేకప్ అసిస్టెంట్లు, పిన్నిలాంటి గొంతులు కింద. ఒకప్పుడు తెలుగు రాని హీరోయిన్లకి మాట్లాడిన పిన్ని, ఇప్పుడు వాళ్ల అమ్మలకీ అత్తలకీ మాట్లాడుతోంది. పోస్టరు మీద ఆమె పేరు ఏనాడూ లేదు. పెన్షన్ అనే మాటే లేదు. పిలిచిన రోజు పని, పిలవని రోజు టీవీ.

అలాంటి మనిషి దగ్గరికి అరవై ఒకటో ఏట 22 లక్షల రూపాయలు వచ్చాయి. జూబ్లీహిల్స్‌లోని ఒక బ్యాంకులో వేసింది. నాలుగు రోజులకే అక్కడి కుర్రాడొకడు ఫోన్ చేసి, ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఒక రంగుల కాగితం చేతిలో పెట్టాడట. దాని మీద రెండు గీతలు. కింది గీత నిఫ్టీ 50. దాన్ని వదిలేసి ఆకాశానికి ఎగిరిపోయిన గీత మొమెంటమ్. “ఇది ఫ్యాక్టర్ ఫండ్ మేడమ్, మనుషుల ఇష్టాయిష్టాలుండవు, అంతా రూల్ ప్రకారమే” అన్నాడట. మొత్తం 22 లక్షలూ అందులో పెట్టెయ్యమన్నాడు.

ఆ డబ్బు ఎలా వచ్చిందో చెప్పకుండా ముందుకెళ్లలేను.

వెండితెర మీంచి ముఖ్యమంత్రి పీఠానికొచ్చిన ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ తెచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకి అది వర్తించదు. పిన్ని పెళ్లి 1983లో అయింది. రెండేళ్ల తేడాతో ఆమె రూలుకి బయట నిలబడింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఈ పెళ్లి షరతు లేకుండా కూతుళ్లందరికీ హక్కిచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న తగాదా చాలాకాలం నలిగింది. అక్కర్లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మా తాతయ్య అంతకు చాలా ముందే పోయాడు. ఆ తీర్పు కాగితం పట్టుకుని పిన్ని అన్నదమ్ములతో నాలుగేళ్లు మాట్లాడింది, పోట్లాడింది, ఏడ్చింది. చివరికి ఊళ్లో పొలం అమ్మినప్పుడు ఆమె వాటా ఆమెకి వచ్చింది. “ఆ డబ్బు నాకివ్వక్కా, నేను తిప్పి ఇస్తా” అని చిన్న మామయ్య ఆ రోజే అడిగాడు.

కాబట్టి పిన్ని అడిగింది ఫ్యాక్టర్ అంటే ఏంటని మాత్రమే కాదు. ఈ డబ్బుని ఎవరి మాట మీద ఎక్కడ పెట్టాలన్నది అసలు ప్రశ్న.

ఆ కాగితం చూసి నాకూ కళ్లు చెదిరాయని ఒప్పుకోవాలి. “మనుషుల ఇష్టాయిష్టాలుండవు” అన్న మాట మరీ నచ్చింది. మామయ్యలూ, బావగార్లూ, “నాకు తెలిసినవాడు చెప్పాడు” అనే మగవాళ్లూ లేని చోట డబ్బు పెట్టడం! వారం రోజులు కూర్చుని ఆ సూచీల నియమావళులు చదివాను. వాక్యం వాక్యం విప్పి చూడడం తప్ప నాకు వేరే విద్య రాదు. అలాగే చదివాను.

నిఫ్టీ 50 అంటే నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోని 50 పెద్ద కంపెనీల సూచీ. 1996లో మొదలైంది. మార్కెట్లో చేతులు మారడానికి వీలున్న షేర్ల విలువ ఎంత పెద్దదైతే ఆ కంపెనీకి సూచీలో అంత పెద్ద వాటా. ఇండెక్స్ ఫండ్ ఆ జాబితాని ఉన్నదున్నట్టు కొంటుంది. ఏ షేరు మంచిదో తేల్చే పండితుడు ఉండడు, అందుకే ఖర్చు తక్కువ. ఫ్యాక్టర్ సూచీ కూడా జాబితానే. కాకపోతే అక్కడ కొలత ఒక్క పరిమాణం మీదే ఆగదు. లాభంతోనో ఆస్తులతోనో పోలిస్తే ధర తక్కువున్నవాటిని ఏరితే వ్యాల్యూ. పెట్టుబడి మీద మంచి రాబడి, తక్కువ అప్పు, నిలకడైన సంపాదన ఉన్నవాటిని ఏరితే క్వాలిటీ. ధర పెద్దగా ఊగని వాటిని ఏరితే లో వోలటిలిటీ. ఇటీవల బాగా పెరిగినవాటిని ఏరితే మొమెంటమ్.

ఇవేవీ బ్యాంకు కుర్రాడు కనిపెట్టినవి కావు. కెనడాలో పాఠాలు చెప్పిన సంజయ్ బసు, లాభాలతో పోలిస్తే చవగ్గా దొరికే షేర్లు మిగతావాటికంటే మెరుగ్గా రాబడినిచ్చాయని 1977లో చూపించాడు. 1990ల మొదట్లో ఫామా, ఫ్రెంచ్ అనే ఇద్దరు ఆచార్యులు పరిమాణం, చవకదనం అన్నవాటిని సిద్ధాంతంగా నిలబెట్టారు. గత కొన్ని నెలల్లో గెలిచినవి మరికొన్ని నెలలు గెలుస్తూనే ఉంటాయని జెగదీశ్, టిట్‌మన్ 1993లో రాశారు. మొమెంటమ్‌కి మూలం ఆ వ్యాసమే. మన దగ్గర నిఫ్టీ 200 మొమెంటమ్ 30 అనే సూచీ 2020లో వచ్చింది. 200 కంపెనీల్లో ఆరు నెలల్లో, పన్నెండు నెలల్లో ధర ఎంత పెరిగింది, ఆ పెరుగుదలలో ఎంత ఊగింది అని లెక్కగట్టి 30 కంపెనీల్ని తీసుకుంటారు. జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి జాబితా మారుస్తారు.

ఇదంతా పిన్నికి చెప్పాను. ఫిల్మ్‌నగర్లో ఆమె డబ్బింగ్ మధ్య విరామంలో, థియేటర్ బయట మెట్ల మీద కూర్చుని. మొమెంటమ్ దగ్గరికి వచ్చేసరికి పిన్ని నవ్వింది.

“ఓహో, గోల్డెన్ లెగ్గా!” అంది.

నేను తెల్లబోయాను. ఇంతకంటే చక్కటి వివరణ నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. వరసగా రెండు హిట్లు పడితే ఆ హీరోయిన్ గోల్డెన్ లెగ్. అందరూ ఆమె డేట్ల కోసమే పరిగెత్తుతారు, అందుకే పెద్ద సినిమాలు ఆమెకే వస్తాయి, అందుకే మళ్లీ హిట్లు ఆమెకే పడతాయి. రెండు పోయాయా, ఐరన్ లెగ్. 2012లో ‘గబ్బర్ సింగ్’ విడుదలకి ముందు శ్రుతి హాసన్‌ని ఐరన్ లెగ్ అన్నారు. ఆ సినిమా ఆడగానే ఆ నోళ్లే గోల్డెన్ లెగ్ అన్నాయి. ఒక్క శుక్రవారంలో కాలి లోహం మారిపోయింది! ఫ్లాపులు హీరోకి రావా? వస్తాయి. కానీ హీరో కాలిని ఎవరూ తూకం వెయ్యరు. “కథ కుదర్లేదు” అంటారు. ఊపుని బట్టి మనిషికి విలువ కట్టే పద్ధతి ఈ కొండ మీద ఎప్పటినుంచో ఉంది. ఆ తాకిడి తగిలేది మాత్రం ఆడవాళ్లకే.

“మరి ఫ్లాపులొచ్చినవాళ్లని జాబితాలోంచి ఎప్పుడు తీస్తారు?” అనడిగింది పిన్ని.

“ఆర్నెల్లకోసారి.”

“అంటే, ఈ లోపల గాలి మారితే నా డబ్బు ఐరన్ లెగ్గులతోనే ఉంటుందన్నమాట.”

అంతే. నియమావళి మొత్తం చదివి నేను పట్టుకోని సంగతిని పిన్ని మెట్ల మీద కూర్చుని పట్టుకుంది. నిజానికి నేను ఆ రోజు “సగం పెట్టు పిన్నీ” అని చెబుదామని వెళ్లాను. ఆ సెప్టెంబరు చివర్లోనే నిఫ్టీ శిఖరం తాకింది. తర్వాత 2025 మార్చి మొదటి వారం దాకా సుమారు 16 శాతం పడింది. మొమెంటమ్ సూచీ అంతకంటే చాలా లోతుకి పడింది. నా మాట విని ఉంటే? ఆమె నాలుగేళ్ల పోట్లాటని నేను ఆర్నెల్లలో కరిగించి ఉండేదాన్ని. ఈ వ్యాసం రాస్తున్నది ఆ భయంలోంచే.

ఆ తర్వాత నేను ఆ రంగుల కాగితాన్ని మళ్లీ చూశాను. ఈసారి నా చదువు అక్కరకొచ్చింది. సూచీ పుట్టింది 2020లో. గీత మాత్రం 2005 నుంచి మొదలవుతుంది. అంటే మొదటి పదిహేనేళ్ల గీత ఎవరూ డబ్బు పెట్టి నడిచిన దారి కాదు. ఈ రూలు అప్పుడే ఉండి ఉంటే ఏమై ఉండేదో ఇప్పుడు వెనక్కి లెక్కగట్టి గీసిన గీత. నేనేళ్లతరబడి చదివిన తెలుగు సాహిత్య చరిత్రలు కూడా ఇలాంటివే కదా! ఎవరు గొప్పవాళ్లో తర్వాత నిర్ణయించుకుని, వాళ్లదాకా వచ్చే దారిని వెనక్కి గీసుకుంటూ పోయారు. గీసినవాళ్ల దురుద్దేశమనే అనక్కర్లేదు. చూసేచోటు అలాంటిది.

వంద లక్షణాలు వెనక్కి పరీక్షిస్తే కొన్ని కాకతాళీయంగానైనా బాగున్నట్టు కనిపిస్తాయి. మనకి చూపించేది ఆ కొన్నిటినే. మెక్‌లీన్, పాంటిఫ్ అనే పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి 97 లక్షణాలని తిరిగి పరీక్షించారు. వ్యాసాలుగా అచ్చయిన తర్వాత వాటి అదనపు రాబడి సగటున 58 శాతం తగ్గిపోయింది. కొంత మొదట్నుంచీ లెక్కల భ్రమే. కొంత, అందరికీ తెలిశాక అందరూ అదే కొనడం వల్ల. రంగుల కాగితం మీద ఈ సంగతి ఉండదు.

వ్యాల్యూ గురించి చదువుతున్నప్పుడు నాకు ముద్దుపళని గుర్తొచ్చింది. ‘రాధికా సాంత్వనం’ని సాహిత్య చరిత్రకారులు చులకన చేశారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూనుకుని అచ్చు వేయించింది. తర్వాత ప్రభుత్వం నిషేధించింది. 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. కొన్నిటి విలువ తక్కువగా ఉండేది చూసేవాళ్ల దృష్టిదోషం వల్ల. చవక షేర్లని వెతికేవాళ్ల ఆశ ఇదే. కానీ కొన్ని చవగ్గా ఉండేది నిజంగానే జబ్బుపడ్డందువల్ల. మార్కెట్ పొరపాటు పడుతోందా, లేక నిజమైన ప్రమాదానికి తగ్గ ప్రతిఫలమే ఇస్తోందా అన్న వాదన ఆర్థిక శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా తెగలేదు. పుస్తకాన్ని చదివి తేల్చుకోవచ్చు. సూచీ చదవదు, లెక్కేస్తుంది. చెడ్డదాన్నీ అన్యాయమైపోయినదాన్నీ ఒకే గంపలో వేసుకుంటుంది.

లెక్క అబద్ధమైతే? దీనికి దూరం పోనక్కర్లేదు. సత్యం కంప్యూటర్స్ మన హైదరాబాద్ కంపెనీ. సెన్సెక్స్‌లోనూ నిఫ్టీలోనూ ఉండేది. 2008లో మంచి పాలనకి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లలో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఒక్క రోజులో షేరు దాదాపు 78 శాతం పడిపోయింది. అప్పు తక్కువ, నగదు ఎక్కువ, లాభం నిలకడ... ఆ పుస్తకాలని నమ్మే ఏ క్వాలిటీ సూత్రమైనా ఆ కంపెనీకి మంచి మార్కులే వేసేది. ఆ రోజు మొత్తం సత్యంలోనే పెట్టుకున్నవాళ్లు మునిగిపోయారు. నిఫ్టీ యాభైనీ పట్టుకున్నవాళ్లకి అది ఒక చిన్న దెబ్బ. కొద్ది రోజుల్లోనే సూచీలు సత్యాన్ని తీసేసి వేరే కంపెనీలని పెట్టుకున్నాయి. వెడల్పాటి జాబితా గొప్పదనం తెలివిలో లేదు, ఏ ఒక్కరినీ అతిగా నమ్మకపోవడంలో ఉంది.

మరి ఆడవాళ్లకి రూల్ ప్రకారం పెట్టుబడి మంచిదా కాదా? మంచిదే అంటాను. అమెరికాలో 35 వేలకి పైగా కుటుంబాల ఖాతాలు పరిశీలించి బార్బర్, ఓడియన్ 2001లో ఒక వ్యాసం రాశారు. మగవాళ్లు ఆడవాళ్లకంటే 45 శాతం ఎక్కువగా షేర్లు కొని అమ్మారట. ఆ తిప్పడం వల్ల మగవాళ్ల నికర రాబడి ఏడాదికి 2.65 శాతం, ఆడవాళ్లది 1.72 శాతం తగ్గిందట. “నేను తిప్పి ఇస్తా” అనే మామయ్య మాటకి ఇంతకంటే జవాబేముంది! రూలు ఆ చెయ్యిని కట్టేస్తుంది. కానీ రూలు దేవుడిచ్చింది కాదు. ఎక్కడ గీత గియ్యాలో, ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలో ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయిస్తారు. 1985 సెప్టెంబరు 5 అన్న తేదీ పిన్ని జీవితాన్ని ముప్ఫై ఏళ్లకి పైగా బయట నిలబెట్టలేదా?

అయితే స్త్రీలనే ఒక ఫ్యాక్టర్‌గా పెడితే? అదీ జరిగింది. పై పదవుల్లో ఆడవాళ్లు ఎక్కువున్న కంపెనీలని ఏరి, స్టేట్ స్ట్రీట్ సంస్థ 2016లో అమెరికాలో ఒక ఫండు తెచ్చింది. మార్కెట్లో దాని సంకేత నామం ‘షీ’. 2017 మార్చిలో న్యూయార్క్ వాల్‌స్ట్రీట్ దగ్గర ఎద్దు బొమ్మకి ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ చిన్నపిల్ల విగ్రహం పెట్టించింది కూడా వాళ్లే. అదే ఏడాది అక్టోబరులో ఒక వార్త వచ్చింది. పై స్థాయిలోని స్త్రీలకీ నల్లజాతి ఉద్యోగులకీ తక్కువ జీతమిచ్చారని ప్రభుత్వ తనిఖీలో వచ్చిన ఆరోపణని ఆ సంస్థ ఒప్పుకోకుండానే, సుమారు 50 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించిందని. బోర్డు గదిలో ఎందరు ఆడవాళ్లున్నారో సూచీ లెక్కపెట్టగలదు. పోస్టరు మీద పేరు లేని గొంతుల్ని లెక్కపెట్టే గడి దానికి లేదు.

చివరికి పిన్ని ఏం చేసిందో చెప్పాలి. నిర్ణయం ఆమెదే. నేను పక్కన కూర్చుని లెక్కలు వేశానంతే. 15 లక్షలు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో పెట్టింది. అప్పటి వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి 30,750 రూపాయలు చేతికొస్తాయి. పని పిలవని నెలల్లో ఇంటద్దె, మందులు వెళ్లిపోతాయి. 2 లక్షలు అవసరానికి డిపాజిట్లో. మిగిలిన 5 లక్షల్లో 4 లక్షలు నెలకింత చొప్పున మామూలు నిఫ్టీ ఇండెక్స్ ఫండులోకి, కనీసం పదేళ్లు ముట్టుకోనన్న ఒప్పందం మీద. ఆఖరి లక్ష కోసం ఆమే అడిగింది: “ఆ ఊగనివి ఉన్నాయన్నావే, అవేంటి?”

నిఫ్టీ 100 లో వోలటిలిటీ 30 గురించి చెప్పాను. వంద పెద్ద కంపెనీల్లో గడిచిన ఏడాదిగా ధర తక్కువగా ఊగిన 30. తక్కువ ఊగినదానికి ఎక్కువ వాటా. మార్కెట్ పడ్డప్పుడు సాధారణంగా తక్కువ పడుతుంది, జోరుగా పెరిగేటప్పుడు వెనకబడుతుంది. అది కూడా షేర్ల జాబితానే, అదీ పడుతుంది అని రెండుసార్లు చెప్పాను.

“అమ్మ వేషాలన్నమాట. హిట్టొచ్చినా ఫ్లాపొచ్చినా పని ఉంటుంది” అంది పిన్ని. “ఒక లక్ష పెడదాం. అన్నంలోకి పచ్చడిలాగా. పచ్చడితోనే కడుపు నింపుకోలేం కదా!”

ఫ్యాక్టర్ పెట్టుబడికి మనలాంటి వాళ్ల సంచిలో ఉండాల్సిన చోటు గురించి నాకు తెలిసిందీ అంతే. ఏళ్ల తరబడి వెనకబడినా ఓపిక పట్టగలిగినంత, మొత్తం తగ్గినా అద్దె ఆగనంత.

సంతకాలకి బ్యాంకుకి వెళ్లాం. కుర్రాడు మర్యాదగా ఫారం నింపి ఇచ్చాడు. పిన్ని కళ్లజోడు పెట్టుకుని, డబ్బింగ్ కాగితం చదివినట్టే, మొదట్నుంచి చివరిదాకా పెదవులు కదుపుతూ చదివింది. వృత్తి అన్నచోట ‘గృహిణి’ గడిలో టిక్కు పెట్టి ఉంది.

“బాబూ, ఇది మార్చాలి” అంది.

జాబితాలో ఉద్యోగి ఉంది, వ్యాపారి ఉంది, రైతు ఉంది, విద్యార్థి ఉంది. పిన్ని చేసే పని లేదు. కుర్రాడు కొత్త ఫారం తెచ్చాడు. చివర ‘ఇతరములు’ అన్నదాని పక్కన ఉన్న కాస్త చోటులో, పిన్ని అక్షరాలు ఇరికించి, డబ్బింగ్ ఆర్టిస్ట్ అని రాసింది.